నెత్తిమీద చెయ్యి

పోయిన వారం మనం భూదేవిని నిలువెల్లా తడిపి, సంఘం హాలు గడపలో నిలబెట్టి వచ్చేశాం. వారం పొడుగునా ఆమె అక్కడే వణుకుతూ నిలబడి ఉన్నట్టనిపించి నాకు సరిగా నిద్రే పట్టలేదు. లోపలికి తీసుకుపోదాం పదండి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి గదా. సూరత్‌లో, నవాగామ్ అనే పేటలో, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబాల గల్లీలో ఉంటుంది భూదేవి. భర్త రాజమౌళి నిరుడు మగ్గం ముందే కుప్పకూలిపోయాడు. కొడుకు రవీంద్ర దగ్గర్లోనే జోల్వాలో ఒక కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. కోడలు సంతోషి, చంకలో చంటి మనవడు. పక్కింటి వినోదకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మొన్న పోచమ్మ బోనాల్లో వినోదకు పూనకం వచ్చి, ఊగిపోతూ ఒక పేరు పలికింది. ఆ పేరు భూదేవి. అంతే, గల్లీ గల్లీ అంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూసుకుంది. ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చింది, ఎవరి మగ్గం ఎప్పుడు ఆగింది, ఆ పూట భూదేవి ఎటు పోయింది? భూదేవి బాణామతి చేసిందన్నారు. కుల సంఘం పిలిచింది. కులం ముందు తడిచీరతో కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి, నేను చేయలేదని ఒట్టు వెయ్యాలి. వేస్తే బతికిపోయినట్టు. వెయ్యకపోతే ఆ ఇంటికి కులం లేదు.

కులం లేకపోతే ఏమవుతుంది, పట్నంలో ఎవడికి పట్టింది అంటారేమో. అయ్యా, ఆ గల్లీలో ఇల్లు అద్దెకిచ్చింది కులంవాడు. జోల్వాలో పని ఇప్పించింది కులంవాడు. రాజమౌళి పోయినప్పుడు పరాయి ఊళ్ళో పాడె మోసింది కులంవాళ్ళే. ఇక మీరే చెప్పండి.

భూదేవి లోపలికి అడుగుపెట్టింది. చీర కాళ్ళకు చుట్టుకుని నడక సాగడం లేదు. పైన ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, ఒళ్ళు జలదరించింది. మగవాళ్ళు ఒక పక్క కుర్చీల్లో, ఆడవాళ్ళు ఇంకో పక్క జంపఖానాల మీద. ఆమె నడిచి వస్తుంటే ఆడవాళ్ళు కొంగులు దగ్గరకు లాక్కున్నారు, తడి అంటుతుందని కాబోలు. తడికైతే అంత భయపడనక్కర్లేదని ఆమెకూ తెలుసు. వాళ్ళలో సగం మందికి పురుళ్ళప్పుడు ఆమే వేణ్ణీళ్ళు కాచి పోసింది.

ఒక్క బుచ్చవ్వ మాత్రం జరగలేదు. కూలికి నూలు కండెలు చుట్టుకుని బతికే ముసలిది. మొగుడూ పోయాడు, కొడుకూ పోయాడు, ఊరికి తిరిగి వెళ్దామంటే అక్కడా ఎవరూ లేరు. పొద్దున గల్లీలో ఆడవాళ్ళెవరూ తోడు రాకపోతే తనే కర్ర పట్టుకుని భూదేవి వెంట నడిచి వచ్చింది. ఇప్పుడు జంపఖానా మీద తన పక్కన చేత్తో తట్టి, ఇక్కడ కూర్చోమని సైగ చేసింది.

కూర్చోనివ్వలేదు. కులదైవం మార్కండేయుడి పటం ముందు నిలబడమన్నారు. పటం పక్కన కుర్చీలో ఉమాకాంత్, సంఘం అధ్యక్షుడు. సొంత మగ్గాలున్నవాడు, గొంతు ఎప్పుడూ పెంచడు. రాజమౌళి ఉన్నప్పుడు పండగపూట వీళ్ళింట్లోనే కూర్చుని తిన్నవాడు. భూదేవిని అక్కా అనే పిలుస్తాడు. ఈవేళ కూడా అక్కా అనే మొదలుపెట్టేసరికి ఆమెకు భయం ఎక్కువైంది.

ముందుగా ఫోన్లన్నీ జేబుల్లో పెట్టుకోమన్నాడు, వీడియోలు తీసినవాళ్ళకు మంచిది కాదన్నాడు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, మనం ఊర్లోళ్ళ లెక్క పండ్లు పీకెటోళ్ళం గాదు. సదువుకున్నోళ్ళం. నీ మాట నువ్వు చెప్పు, మేం ఇంటం."

పండ్ల మాట ఎత్తనవసరం లేదు. ఎత్తాడు. పండ్లు లేకపోతే నోట మంత్రం పలకదని ఊళ్ళో ఒకామెకు పట్టకారుతో పీకారు. భూదేవి అప్పుడు లంగా కట్టుకునే పిల్ల. పండ్లు పోయినామె ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, కానీ ఎవరితోనూ మాట్లాడగా భూదేవి చూడలేదు. బావి దగ్గర అందరూ పోయాక వచ్చి నీళ్ళు తోడుకునేది. ఆమె పేరేమిటో గుర్తు చేసుకుందామని భూదేవి ఇప్పుడు ప్రయత్నించింది. గుర్తు రాలేదు. ఆ ఊళ్ళో ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు లేరు మరి.

ఉమాకాంత్ బల్లమీద ఒక పాత టిఫిన్ డబ్బా పెట్టాడు. మూత తీసి అందరికీ కనిపించేటట్టు వంచాడు. లోపల ముడులు ముడులుగా పోగుల చుట్ట, దాని చుట్టూ ఇంత బూడిద. హాల్లో గుసగుసలు లేచాయి.

ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది, చెప్పకుండా ఉండలేను. ఆ కూర్చున్నవాళ్ళందరూ ఎవరు? నేతవాళ్ళు. మగ్గం వెనక నూలు చుట్టిన బీము ఖాళీ అయితే కొత్త బీము పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా ముడేస్తారు. పాతకాలంవాళ్ళు వేళ్ళు జారకుండా బూడిద రాసుకుంటారు. రాజమౌళికి ఊరి అలవాటు పోలేదు, చివరిదాకా బూడిదతోనే ముడేశాడు. ముడుల పోగులూ బూడిదా అక్కడ ఎవరు చూడనివి? రోజూ ఊడ్చి పారేస్తారు. కార్ఖానా నేలమీద ఉంటే చెత్త. మొగుడు పోయిన ఆడదాని డబ్బాలో ఉంటే మాత్రం బాణామతి. ఏమనాలి వీళ్ళను?

డబ్బా దొరికింది కోడలికి. మనవడికి జ్వరం వచ్చిన రోజు అటక మీద దుప్పటి కోసం వెతుకుతుంటే కంటపడింది. పిల్లాడి జ్వరమూ డబ్బాలో బూడిదా ఒకే రోజు చూసేసరికి సంతోషికి గుండె జారిపోయింది. భయపడి పక్కింట్లో చెప్పింది. చెడు తలపెట్టి చెప్పలేదు పాపం, భయపడింది. అయినా చెప్పింది.

ఇదేమిటక్కా అని ఉమాకాంత్ అడిగితే భూదేవి ఉన్నమాట చెప్పింది. ఆయన పోయిన రోజు చెప్పులూ టిఫిన్ డబ్బా తెచ్చుకుందామని కార్ఖానాకు పోయింది. ఆయన మగ్గం కింద ఆ కొసలు పడి ఉన్నాయి. ఆయన వేళ్ళు చివరగా తాకినవి అవే. ఊడ్చేస్తారేమోనని ఏరుకుని, ఆయన డబ్బాలోనే పెట్టుకుంది. అంతే.

అది విని కొందరు తలలు వంచుకున్నారు. ఆడవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు. అక్కడితో అయిపోయేదేమో. కానీ వినోద మేనమామ అంబదాస్ వెనక కుర్చీలోంచి లేచాడు.

"దాసుకుంటె దాసుకున్నవు. దాంతోని రోజు పొద్దుగూకంగ డాబా మీద మాట్లాడుడేంది? నీ కోడలే ఇన్నది. ఏం మాట్లాడుతవు?"

ఏం మాట్లాడుతుంది! రవీంద్ర షిఫ్టుకు పోతాడు. సంతోషి పిల్లాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఫోను చూసుకుంటుంది. నాలుగు గోడల మధ్య ఎవరితో ఏం అనాలో తెలియక ఆమె డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని డబ్బా మూత తీసేది. ఇయ్యాల ఉల్లిగడ్డ ధర పెరిగిందనీ, మనవడికి కింది పన్ను వచ్చిందనీ, మోకాలు సలుపుతోందనీ, కొడుకు సరిగా తినడం లేదనీ చెప్పేది. నువ్వుంటే బాగుండు అని కూడా చెప్పేది. ఇది ఇంతమంది మగవాళ్ళ ముందు ఎట్లా చెప్పుకుంటుంది? ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయనకే ఎదురుగా చెప్పలేదు. తడిచీరలోనూ చెంపలు వేడెక్కాయి.

"ఆయినతోని మాట్లాడిన" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆ నవ్వు కూడా ఆగిపోయింది. సచ్చినోనితోని మాట్లాడుతదట అన్నాడు అంబదాస్, మెల్లగానే అన్నాడు, అందరికీ వినపడింది. తల్లులు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్తే అదే ఇంకో నేరమై కూర్చుంది. ఆమెకు అప్పుడు తెలిసింది, ఇక్కడ ఏం చెప్పినా అంతేనని.

భూదేవి వినోద వైపు చూసింది. ఆ పిల్ల ఫ్యాను కింద ముడుచుకుని కూర్చుంది, తల ఎత్తడం లేదు. రెండోసారి కడుపు పోయినప్పుడు ఆ పిల్ల అరికాళ్ళు చల్లబడితే వాము రాసి వేడి పుట్టించింది తనే. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

ఉమాకాంత్ రెండు దారులు చెప్పాడు. తప్పు ఒప్పుకుంటే, వినోద కాళ్ళు కడిగి కులానికి ఒక పూట భోజనం పెడితే చాలు, తల్లీ కొడుకులు ఎప్పటిలాగే మావాళ్ళు. ఒప్పుకోకపోతే ఒట్టు. దేవుడికే వదిలేద్దాం అన్నాడు. అబద్ధపు ఒట్టు వేస్తే ఎవరి నెత్తిన చెయ్యి పెట్టారో వాళ్ళు ఏడాది తిరక్కుండా పోతారని అక్కడున్న పసిపిల్లకు కూడా తెలుసు.

ఒట్టు అనగానే భూదేవి ప్రాణం లేచి వచ్చింది. ఆ హాల్లో ఒట్టును ఆమెకంటే గట్టిగా నమ్మేవాళ్ళు లేరు. తను చేయలేదు, దేవుడికి తెలుసు, ఇక అడ్డేముంది? అరచెయ్యి చీరకు తుడుచుకుంది. చీరే తడి, ఇంక తుడిచేదేముంది, అయినా తుడుచుకుంది.

రవీంద్ర వచ్చాడు. పొద్దున ఇంట్లో భయపడకమ్మా, అయిదు నిమిషాల పని అని ధైర్యం చెప్పింది వాడే. వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి సంతోషి లేచి నిలబడింది.

"జర ఆగుండ్రి. ఒకవేళ…" అంది, మిగతాది మింగేసింది.

భూదేవి చెయ్యి చాపింది. కొడుకు జుట్టుకు ఇంత దూరంలోకి వచ్చింది అరచెయ్యి. రవీంద్ర వెనక్కి జరిగాడు.

ఎక్కువేం కాదు. దోమ వాలబోతే మనం తల తిప్పుతామే, అంత. చెయ్యి గాలిలో ఆగిపోయింది. హాలంతా చూసింది. వాడు వెంటనే సర్దుకుని నవ్వబోయాడు, చెయ్యి సల్లగుందమ్మా అందుకే అన్నాడు, మళ్ళీ తల ముందుకు వంచాడు. ఈసారి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చిన్నప్పుడు సూది వేయించుకునేటప్పుడు ఇట్లాగే మూసుకునేవాడు. పళ్ళు బిగబట్టి, పెట్టమ్మా, పెట్టు అన్నాడు.

ఆమె పెట్టలేకపోయింది. పెడితే నిజమే చెప్తుంది, దేవుడు వాణ్ణి చల్లగా చూస్తాడు. కానీ రేపు చిన్న జలుబు చేసినా వాడికి ఈ చెయ్యే గుర్తొస్తుంది. మగ్గం దగ్గర కాలు జారినా ఈ చెయ్యే. అన్నం పెడుతున్న ప్రతిసారీ ఈ చేతినే చూస్తాడు. కన్నకొడుకు తన చేతికి భయపడుతూ బతకడం ఆమెకు వద్దనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు లే బిడ్డా" అంది. తర్వాత ఉమాకాంత్‌కేసి తిరిగి, "నేనే చేసిన" అంది.

మీరు నమ్మరు, ఆ మాటతో హాల్లో గాలి తిరిగింది. అందరూ ఊపిరి వదిలారు. వెనక ఎవరో చాయ్ పెట్టమని కేకేశారు. కొంగులు లాక్కున్న ఆడవాళ్ళే ఇప్పుడు అయ్యో, ఒళ్ళంతా తడిసింది, తువ్వాల ఇవ్వండే అన్నారు. పొద్దుటి నుంచి ఆమె కేసి అంత ప్రేమగా ఎవరూ చూడలేదు. సంతోషి పిల్లాడిని పొదువుకుని ఏడ్చింది, గండం గడిచిందని. వినోద ఒక్కతే తల ఎత్తి, ఏమీ అర్థం కానట్టు భూదేవిని చూసింది.

మంచి పని చేసినవక్కా అన్నాడు ఉమాకాంత్. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. కులం ముందు ఒప్పుకున్నాక మళ్ళీ మాట తిప్పకూడదు. తిప్పితే కులానికి అబద్ధం చెప్పినట్టు, ఇల్లు మొత్తం బయటికే. భూదేవి తల ఊపింది. అయిపోయింది కదా, ఇంటికి పోయి పొడిచీర కట్టుకుందాం అనుకుంది.

"ఇగ చెప్పు. నీకు ఎవ్వలు నేర్పిన్రు?"

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. ఉమాకాంత్ ఓపికగా విడమరిచాడు. ఈ విద్య దానంతట అది రాదు, నేర్పినవాళ్ళు ఉంటారు, ఆ మనిషి ఈ గల్లీలో ఉంటే రేపు ఇంకో ఇంటిమీద పడతారు. పేరు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే కాదు. ఎవరూ నేర్పలేదని ఆమె అంది. అక్కా, ఆలోచించుకో, చాయ్ తాగిందాక టైముంది అన్నాడు. ఎవరో నేర్పారనడానికి తనకేమైనా వస్తే కదా! లేని విద్యకు గురువును ఎక్కణ్ణుంచి తెస్తుంది?

కప్పులు తిరుగుతున్నాయి. భూదేవిని నేలమీద కూర్చోనిచ్చారు. రవీంద్ర తువ్వాల తెచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె నుదుటి మీది నీళ్ళు ఒత్తుతూ, చెవి దగ్గరకు వంగాడు. ఎంత నెమ్మదిగా ఒత్తాడో, ఆ చేతిలో ఎంత ఆపేక్ష ఉందో చెప్పలేను. గొంతు కూడా అంతే నెమ్మదిగా ఉంది.

"అమ్మా, బుచ్చవ్వ పేరు చెప్పు. అయిపోతది. ఆమెకెవ్వరున్నరు అడిగెటోళ్ళు?"

బుచ్చవ్వ ఆ జంపఖానా మీదే ఉంది. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటోంది. ఇటు చూసి, అయిపోయిందా బిడ్డా, పోదామా అన్నట్టు తల ఆడించింది.

ఆమెకెవ్వరున్నరు. ఈ మాట తన గురించి కూడా ఎవరో ఎవరితోనో అనే ఉంటారు, మొగుడు పోయిన రోజు నుంచే అని ఉంటారు. అప్పుడు తను ధీమాగా ఉంది, నాకు కొడుకున్నాడు కదా అని. ఆ కొడుకు ఊపిరి ఇప్పుడు చెవికి వెచ్చగా తగులుతోంది. రాజమౌళిని చితికెక్కించి వచ్చిన రాత్రి కూడా ఆమె ఇంత ఒంటరిగా లేదు.

కొడుకు తల తన భుజం దగ్గరే వంగి ఉంది. భూదేవి చెయ్యెత్తి దాని మీద పెట్టింది.

వాడు ఉలిక్కిపడి లేవబోయాడు. లేవనివ్వలేదు. ఏళ్ళ తరబడి పోగులు లాగిన చెయ్యి, గట్టిది. కప్పులు ఎక్కడివక్కడ ఆగాయి.

"ఇనుండ్రి" అంది. "నా కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి చెప్తున్న. బుచ్చవ్వకు ఏ మంత్రం రాదు. ఆమె ఎవ్వలికీ ఏం చెయ్యలే, నాకేం నేర్పలే. ఇది అబద్ధమైతె నా కొడుకు నాకు దక్కద్దు."

సంతోషి కెవ్వుమంది. అంబదాస్ కుర్చీ వెనక్కి పడింది. బుచ్చవ్వ సాసర్ కింద పెట్టి, తన పేరు ఎందుకు వచ్చిందో తెలియక ఇటూ అటూ చూసింది. పేరు ఎవరందించారో ఉమాకాంత్‌కు ఆ క్షణంలోనే అర్థమైంది, వాడు అధ్యక్షుడు ఊరికే కాలేదు. రవీంద్రకేసి ఒక చూపు చూసి, కుర్చీలో ముందుకు జరిగాడు.

"చెయ్యి తియ్యకక్కా. బుచ్చవ్వ సంగతి అయింది. అట్లనే ఉంచి, నీ సంగతి గూడ చెప్పు. ఇందాక చేసిన అన్నవు గద. నిజమేనా?"

ఇది ఆమె ఆలోచించుకోలేదు. చేశానంటే అబద్ధపు ఒట్టు, కొడుకు నెత్తిమీద. ఏడాది తిరక్కుండా వాడు పోతాడు. చేయలేదంటే కులం ముందు మాట తిప్పినట్టు, రేపటి నుంచి వాడికి పని లేదు, ఇల్లు లేదు, చస్తే మోసేవాళ్ళు లేరు. చెయ్యి తీద్దామంటే తీసిందంటే దానికీ ఒక అర్థం చెప్తారు. అరచేతి కింద వాడి తల వేడిగా, చిన్నప్పటిలాగే గుండ్రంగా ఉంది.

"అమ్మా" అన్నాడు రవీంద్ర. కళ్ళ నిండా నీళ్ళతో తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. "చేసిన అనే చెప్పు. నిజం చెప్తె నాకేం గాదు."

అబద్ధం చెప్పమని బతిమాలుతున్నాడనుకుంది మొదట. వాడి కళ్ళలోకి ఇంకొక్కసారి చూసింది. వాడి మటుకు వాడు నిజమే చెప్పమంటున్నాడు.